ఎర్ర అక్షరం చుట్టూ మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ శీర్షికలో అమెరికన్ నవలాకారుడు నథానియల్ హాథార్న్ గురించి నాలుగు మాటలు రాసి, ఆయన 'ది స్కార్లెట్ లెటర్' చదవమని అడిగాను. నిజంగానే చాలామంది చదివారు, ఉత్తరాలు రాశారు, కొందరు గొడవ కూడా పెట్టుకున్నారు. అందుకని ఈ నెల పేజీ మొత్తం ఆయనకే ఇచ్చేస్తున్నాను.

కథ తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. 1640ల్లో అమెరికాలోని బోస్టన్, కఠిన నియమాల క్రైస్తవులైన ప్యూరిటన్ల ఊరు. హెస్టర్ ప్రిన్ అనే ఆవిడ భర్త దగ్గర లేని రోజుల్లో బిడ్డని కన్నది, తండ్రి ఎవరో చెప్పనంది. ఊరిపెద్దలు ఆవిణ్ణి చంటిబిడ్డ పెర్ల్‌తో సహా సంతలో, దోషుల్ని నిలబెట్టే చెక్క వేదిక మీద మూడు గంటలు నిలబెట్టి, ఆ పైన బతికినన్నాళ్ళూ గుండెల మీద ఎర్రబట్టతో కత్తిరించిన ఇంగ్లిష్ 'ఏ' అక్షరం పెట్టుకు తిరగాలన్నారు. బిడ్డ తండ్రి ఆ ఊరి పాస్టరే, ఆర్థర్ డిమ్స్‌డేల్. జనం ఆయన్ని దేవుడిలా చూస్తారు. తప్పిపోయాడనుకున్న భర్త రోజర్ చిల్లింగ్‌వర్త్ అనే మారుపేరుతో వైద్యుడిగా ఊళ్ళో చేరి, పాస్టర్‌ని కనిపెట్టి, పక్కనే ఉండి కొంచెం కొంచెంగా చంపుతుంటాడు.

ప్రశ్న: నేను ఎంఏ ఇంగ్లిష్ చదువుతున్నాను. గైడ్‌లో 'ఏ అక్షరం అంటే పాపం, గులాబీ అంటే ఆశ, అడవి అంటే చెడు' అని టేబుల్ వేసి ఇచ్చారు. బట్టీ పట్టాను. తీరా నవల చదివితే ఆ టేబుల్ ఎక్కడా కుదరడం లేదు, పరీక్షలంటే టెన్షన్‌గా ఉంది. దేన్ని నమ్మాలి? – ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: నవలనే నమ్మమ్మా. నీకు కుదరలేదంటే నువ్వు సరిగ్గా చదివావన్నమాట.

ఆ అక్షరం సంగతే చూడు. అది 'అడల్టరీ' (వ్యభిచారం) అనే మాటకి మొదటి అక్షరమని అందరికీ తెలుసు, కానీ ఆ మాట నవల మొత్తంలో ఒక్కసారి కూడా రాదు. ఈ అక్షరానికి అర్థం ఇదీ అని రచయిత తన నోటితో చెప్పకుండానే పుస్తకం ముగించాడు. ఊరివాళ్ళు దాన్ని సిగ్గుకి గుర్తుగా ఇచ్చారు, హెస్టరేమో బంగారు జరీతో కుట్టుపని చేసి, చూసినవాళ్ళ కళ్ళు చెదిరేలా తయారుచేసుకుని జైలు గడప దాటింది. సంతలో ఆడవాళ్ళు అక్కడే మండిపడ్డారు, 'దీనికి శిక్ష వేస్తే సింగారం చేసుకుందే' అని. ఇదంతా రెండో అధ్యాయంలోనే జరిగిపోతుంది, అంటే గైడ్ చెప్పిన అర్థం కథ మొదలయ్యేసరికే బీటలిచ్చింది.

ఏడేళ్ళు గడిచాక ఏం జరిగిందో చూడు. రోగుల దగ్గర కూర్చున్నదీ, పేదల ఇళ్ళకి అన్నం పట్టుకెళ్ళిందీ, చావు వచ్చిన ఇంట్లో రాత్రంతా మేలుకున్నదీ ఆవిడే. దాంతో జనమే అర్థం మార్చేశారు, ఆ 'ఏ' అంటే 'ఏబుల్' అట, అంటే చేతనైన మనిషి అని. ఇంకో రాత్రి ఆకాశంలో ఉల్క రాలినప్పుడు డిమ్స్‌డేల్‌కి అందులో ఎర్రటి 'ఏ' కనపడింది, తన గుట్టు ఆకాశమే బయటపెట్టేసిందని వణికిపోయాడు. తెల్లారి చర్చి చూసుకునే ముసలాయన వచ్చి, రాత్రి గవర్నర్ విన్‌త్రాప్ గారు పోయారు కదా, ఆయన 'ఏంజెల్' అయ్యారని ఆ అక్షరం పడింది అంటాడు. ఒకే వెలుగు, ఒకే రాత్రి. ఎవరి మనసులో ఏముందో వాళ్ళకి అదే కనపడింది. నాకు హాథార్న్ పట్టుకున్న అసలు కిటుకు ఇదే అనిపిస్తుంది: గుర్తులో అర్థం ఉండదు, చూసేవాడి కంట్లో ఉంటుంది. చివర్లో పాస్టర్ చొక్కా చించుకుని ఛాతీ చూపిస్తాడు కదా, అక్కడ కూడా అంతే. చర్మం మీద అక్షరం ఉందని కొందరు, అది తనే కాల్చుకున్నాడని ఒకరు, వైద్యుడి మందుల వల్ల తేలిందని ఇంకొకరు, లోపలి బాధే బయటికి పొడుచుకొచ్చిందని మరొకరు, అసలు అక్కడ ఏమీ లేదని ఇంకొందరు. రచయిత అన్నీ మన ముందు పెట్టి ఊరుకుంటాడు.

గులాబీ కూడా అంతే. జైలు తలుపు పక్కన పూసిన మొక్క అది. పాత అడవి పోగా మిగిలిందో, ఆన్ హచిన్సన్ జైలుకి నడిచిన అడుగుల్లో మొలిచిందో నేను తేల్చను అంటూనే ఒక పువ్వు కోసి చదివేవాళ్ళ చేతికిస్తాడు. మత పెద్దల్ని ఎదిరించి మాట్లాడినందుకు ఊరు వెళ్ళగొట్టిన స్త్రీ ఆమె, నిజంగా బతికిన మనిషి. ఆ పేరు అక్కడ ఎందుకు పెట్టాడో ఆలోచించకుండా 'గులాబీ అంటే ఆశ' అని ఒక్క ముక్కలో రాసేస్తే ఎంత పోగొట్టుకుంటామో చూడు.

పరీక్షలో ఒక్క పని చెయ్యి. గుర్తు పేరు రాసి గీత గీసి అర్థం రాయకు. ఒక ఘట్టం తీసుకో. నేనైతే గవర్నర్ ఇంట్లో ఇనుప కవచం ఘట్టం తీసుకుంటాను. బిడ్డని తన దగ్గర నుంచి లాక్కుంటారేమో అన్న భయంతో, తను కుట్టిన చేతి తొడుగులు ఇచ్చే నెపం మీద హెస్టర్ అక్కడికి వెళ్తుంది. హాల్లో తళతళలాడే కవచం ఉంటుంది, దాని ఛాతీ పలక ఉబ్బెత్తుగా ఉంటుంది కదా, అందులో చూసుకుంటే గుండెల మీది అక్షరం ఎంతో పెద్దదైపోయి మనిషి దాని వెనక్కి వెళ్ళిపోయింది. హెస్టర్ కనపడదు, అక్షరమే కనపడుతుంది. అధికారంలో ఉన్నవాడి కవచంలో, యుద్ధానికి వేసుకునే ఇనుములో, ఒక ఆడమనిషి అలా కనపడుతుంది. ఈ ఒక్కదాని గురించి పేజీన్నర రాయి, ఏ మాస్టారైనా మార్కులు వేస్తారు.

ప్రశ్న: బట్ట మీద అక్షరం కుట్టించి తిప్పడం నిజంగా జరిగిందా, లేక కల్పనా? రచయితకి ఇంత చీకటి కథ ఎందుకు తట్టింది? – రిటైర్డ్ సోషల్ టీచర్, కరీంనగర్

జవాబు: కల్పన కాదు మాస్టారూ. బోస్టన్‌కి పొరుగునే ఉన్న ఇంగ్లిష్‌వాళ్ళ వలస ప్రాంతం ప్లిమత్ కాలనీలో 1658 నాటి చట్టం ఉంది, వ్యభిచార నేరానికి 'ఏ', 'డి' అని రెండు పెద్ద అక్షరాలు బట్టలో కత్తిరించి పై వస్త్రం మీద చేతికో వీపుకో కుట్టుకోవాలి, అవి లేకుండా కనపడితే కొరడా దెబ్బలు. నిజానికి బోస్టన్ ఉన్న మసాచుసెట్స్‌లో చట్టం ఇంకా కఠినం, మరణశిక్షే. 1644లో మేరీ లేథమ్ అనే యువతినీ జేమ్స్ బ్రిటన్ అనే మనిషినీ ఇద్దర్నీ ఉరితీశారు. నవల్లో గుంపులో ఉన్న ఒక ఆడమనిషి 'దీన్ని చంపాల్సింది, చట్టం లేదా?' అని అరుస్తుంది చూడండి, అది రచయిత ఊరికే రాసిన మాట కాదు.

ఇక ఆయనకి ఎందుకు తట్టిందంటే, అది ఆయన ఇంటి కథ. హాథార్న్ 1804 జులై 4న మసాచుసెట్స్‌లోని సేలంలో పుట్టాడు. 1692లో మంత్రగత్తెలన్న నెపం మీద 19 మందిని ఉరితీసిన ఊరు అది, ఒక ముసలాయన్ని అయితే మీద బండలు పేర్చి చంపారు. అప్పుడు నిందితుల్ని విచారించిన న్యాయాధికారుల్లో జాన్ హాథార్న్ ఈయన ముత్తాతకి తండ్రి. ఆయన తర్వాత కూడా పశ్చాత్తాపం చూపించినట్టు ఎక్కడా లేదు. ఆ జాన్ తండ్రి విలియం, క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళని కొరడాలతో కొట్టించినవాడు. యువకుడిగా ఉన్నప్పుడే మన రచయిత ఇంగ్లిష్‌లో తన ఇంటిపేరు మధ్యలో ఒక అక్షరం చేర్చుకున్నాడు, పూర్వీకుల నీడ నుంచి పక్కకి జరగడానికే అని చాలామంది అంటారు. అక్షరం మార్చుకున్నంత మాత్రాన బరువు దిగలేదు. నవల ముందు 'ది కస్టమ్ హౌస్' అని పెద్ద ముందుమాట రాసి, వాళ్ళు చేసిన పనికి వాళ్ళ తరఫున నేను సిగ్గుపడుతున్నాను, వాళ్ళకి తగిలిన శాపం ఏదైనా ఉంటే ఇప్పటితో తొలగిపోవాలి అని అచ్చులో చెప్పుకున్నాడు. తాతలు చేసిన తప్పుని ఒక రచయిత తన పేరు మీద వేసుకుని పుస్తకం మొదలుపెట్టడం, నేనైతే ఆ పేజీ దగ్గర ప్రతిసారీ ఆగిపోతాను.

రాసిన రోజులు కూడా మామూలివి కావు. సేలం కస్టమ్స్ ఆఫీసులో ఉద్యోగం, ప్రభుత్వం మారగానే 1849లో పోయింది. ఆ జులై ఆఖరున తల్లి చనిపోయింది. ఆ దుఃఖంలోనే కూర్చుని 1850 ఫిబ్రవరి మొదట్లో నవల పూర్తిచేశాడు. చివరి భాగం భార్య సోఫియాకి చదివి వినిపిస్తే ఆవిడ తట్టుకోలేక తలనొప్పితో వెళ్ళి పడుకుందట. మార్చిలో పుస్తకం వచ్చింది, మొదటి 2,500 ప్రతులు పది రోజుల్లో అయిపోయాయి.

మీరు సోషల్ టీచర్ కాబట్టి మన దేశంతో ముడిపడ్డ సంగతి ఒకటి చెప్తాను. ఈయన తండ్రి ఓడల మీద పనిచేసేవాడు, సేలం ఓడలు మన తీరానికి వ్యాపారానికి వచ్చేవి. 1795 డిసెంబర్‌లో బెంగాల్ నుంచి బయల్దేరి అమెరికాకి ఏనుగుని తీసుకెళ్ళిన 'అమెరికా' అనే ఓడ మీద ఆయన ఉన్నాడు, ఓడ దినచర్య పుస్తకంలో ఏనుగు కోసం ఆకుకూరలు ఎక్కించినట్టు రాశాడు. 1808లో సురినామ్‌లో జ్వరంతో పోయాడు, అప్పటికి కొడుక్కి ఇంకా నాలుగేళ్ళు నిండలేదు.

ప్రశ్న: 'యంగ్ గుడ్‌మన్ బ్రౌన్' కథ చదివాను. అడవిలో జరిగింది కలా, నిజమా? రాత్రంతా బుర్ర పాడైపోయింది. – ఐటీ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: 1835 నాటి కథ అది. కొత్తగా పెళ్ళయిన బ్రౌన్ ఒక రాత్రి భార్య వద్దంటున్నా అడవికి వెళ్తాడు. అక్కడ సైతాను పూజకి తన ఊరి పెద్దమనుషులంతా వస్తుంటారు, చిన్నప్పుడు తనకి ధర్మపాఠాలు నేర్పిన ముసలమ్మతో సహా. భార్య పేరు ఫెయిత్, అంటే విశ్వాసం, మన ఇళ్ళల్లో శ్రద్ధ అని పేరు పెట్టుకున్నట్టు. ఆవిడ టోపీకి గులాబీరంగు రిబ్బన్లు ఉంటాయి. అడవిలో ఆకాశం నుంచి ఒక రిబ్బన్ రాలి కొమ్మకి చిక్కుకుంటుంది, అది చేత్తో పట్టుకుని 'నా ఫెయిత్ పోయింది' అని అరుస్తాడు. భార్య పోయిందనా, నమ్మకం పోయిందనా? ఇంగ్లిష్‌లో రెండూ ఒకే మాట కాబట్టి రెండూ పోయాయి.

మీరడిగినదానికి కథలోనే జవాబుంది. కల కన్నాడా అని అడిగి, మీకు అలా అనుకోవాలనుంటే అలాగే అనుకోండి అంటాడు రచయిత. తెల్లారి ఊళ్ళోకి వస్తే ఫెయిత్ అవే రిబ్బన్లతో ఎదురొచ్చింది. ఈయన పలకరించకుండా వెళ్ళిపోయాడు. కల అయినా నిజమైనా ఆ తర్వాత జీవితం మాత్రం పాడైంది, అది నిజం. పిల్లలు, మనవలు అందరూ ఉన్నా చచ్చేదాకా ఎవర్నీ నమ్మలేదు. ఇంకోటి గమనించండి, పూజకి వచ్చినవాళ్ళలో గుడీ క్లాయిస్, మార్తా క్యారియర్ అనే పేర్లున్నాయి, ఇవి 1692లో సేలంలో మంత్రగత్తెలని నిజంగా నింద మోసిన వాళ్ళ పేర్లు. మార్తాని ఉరితీశారు కూడా. ఒక్క రాత్రి చూసిందాన్ని పట్టుకుని ఊరందర్నీ దోషులనుకున్న బ్రౌన్‌ని చదువుతుంటే, దయ్యపు రూపం కనపడిందన్న సాక్ష్యం మీద మనుషుల్ని ఉరికి పంపిన ఆ కోర్టు గుర్తొస్తుంది. మీ బుర్ర పాడైందంటే కథ పనిచేసిందన్నమాట.

ప్రశ్న: హాథార్న్ రాసిన విషం అమ్మాయి కథ మన విషకన్య కథే కదా? కాపీ అనొచ్చా? – ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: కాపీ కాదండి, ఆయనే దాచకుండా చెప్పాడు. 1844లో వచ్చిన 'రపాచినీస్ డాటర్' కథలో బాల్యోనీ అనే ప్రొఫెసర్, ఒక భారతదేశపు రాజు అలెగ్జాండర్‌కి విషంతో పెంచిన అందగత్తెని కానుకగా పంపాడన్న పాత కథ చెప్తాడు. నాభి అనే విషపు మొక్క తినిపించి పెంచిన ఆ స్త్రీ సంగతిని హాథార్న్ థామస్ బ్రౌన్ అనే ఇంగ్లిష్ రచయిత పుస్తకంలో చదివి తన నోట్‌బుక్‌లో ఎత్తి రాసుకున్నాడు కూడా. మనకి ముద్రారాక్షసం అనే సంస్కృత నాటకంలో ఉన్న విషకన్య చాణక్యుడి ఎత్తుగడలో పావు. శత్రువులు చంద్రగుప్తుడి మీదికి పంపితే చాణక్యుడు ఆమెని తిప్పి పర్వతకుడనే రాజుని చంపించాడు, ఆ పిల్ల మనసులో ఏముందో ఎవరూ అడగలేదు.

హాథార్న్ అడిగాడు. తేడా అంతా అక్కడే ఉంది. పాదువాలో ఒక శాస్త్రవేత్త తన కూతురు బియాట్రిస్‌ని విషపు మొక్కల తోటలో పెంచాడు, ఆ పిల్ల ఊపిరి తగిలితే పురుగులు రాలిపోతాయి. జొవాన్నీ అనే కుర్రాడు ప్రేమిస్తాడు, తన ఊపిరి కూడా విషమైందని తెలిసేసరికి నోటికొచ్చినట్టు తిట్టి విరుగుడు మందు ఇస్తాడు. విషమే ప్రాణమైన పిల్లకి విరుగుడే చావు. పోతూ పోతూ, మొదట్నుంచీ నా స్వభావంలో కంటే నీ స్వభావంలోనే విషం ఎక్కువుంది కదా అని అడుగుతుంది. తండ్రికి ప్రయోగం కావాలి, ప్రొఫెసర్‌కి తండ్రి మీద గెలుపు కావాలి, ప్రేమించినవాడికి మచ్చలేని అమ్మాయి కావాలి. మనిషి అక్కర్లేదు. 1843 నాటి 'ది బర్త్‌మార్క్'లోనూ ఇదే బాధ, భార్య బుగ్గ మీద పుట్టుమచ్చ తీసేయాలని మందు పోసి ఆమె ప్రాణమే తీసిన భర్త కథ అది.

ప్రశ్న: 'స్కార్లెట్ లెటర్' ముందుమాట చాలా పెద్దగా ఉంది, వదిలేసి కథ మొదలుపెట్టొచ్చా? – బీఏ విద్యార్థి, అనంతపురం

జవాబు: వదిలేయ్ నాయనా. కథ 24 అధ్యాయాలు ముందు పూర్తిచేసి, తర్వాత వెనక్కి రా. ఆఫీసు అటక మీద దొరికిన పాత ఎర్రబట్ట ముక్కని గుండెకి ఆనించుకుంటే కాల్చిన ఇనుములా చురుక్కుమందని రాసిన చోటు మాత్రం తప్పకుండా చదువు.

ప్రశ్న: నాకు ఏడేళ్ళ పాప ఉంది. నవల్లో పెర్ల్ నాకు పిల్లలా అనిపించలేదు, గుర్తులాగే ఉంది. రచయితకి పిల్లలంటే తెలుసా? – ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: బాగా తెలుసమ్మా. 1844లో పుట్టిన పెద్దకూతురు ఊనా ఆడే ఆటలూ మాటలూ నోట్‌బుక్కుల్లో రాసిపెట్టుకున్న తండ్రి ఆయన. పెర్ల్ కొన్నిచోట్ల పెద్దమనిషిలా మాట్లాడుతుందన్నది మాత్రం ఒప్పుకుంటాను. నాకూ అక్కడ కొంచెం ఇబ్బందే.

అయినా వాగు దగ్గర ఘట్టం మీ పాపని పక్కన పెట్టుకుని మళ్ళీ చదవండి. అడవిలో హెస్టర్, డిమ్స్‌డేల్ కలుసుకుంటారు, ఊరు వదిలి పోదామనుకుంటారు. ఆవిడ అక్షరం పీకి విసిరేస్తే అది వాగు ఇవతలి గట్టునే పడుతుంది, ఇంకో బెత్తెడు అయితే నీళ్ళలో పడి కొట్టుకుపోయేదే. టోపీ తీసేస్తే ఒత్తైన నల్లజుట్టు భుజాల మీద పడింది, అప్పటిదాకా మబ్బుగా ఉన్న అడవంతా ఒక్కసారి ఎండ పరుచుకుంది. మనకీ ప్రాణం లేచొస్తుంది. అప్పుడు పెర్ల్‌ని పిలుస్తారు. పిల్ల అవతలి గట్టు మీద పూలు పెట్టుకుని నిలబడింది, రాదు. అమ్మ గుండెల వైపు వేలు చూపిస్తుంది, కాలు నేలకేసి కొడుతుంది, గుక్కపట్టి కేకలు పెడుతుంది. అక్షరం ఇటు తెమ్మంటే, నువ్వే వచ్చి తీసుకో అంటుంది. హెస్టర్ వెళ్ళి తీసుకుని మళ్ళీ తగిలించుకుని, జుట్టు టోపీలోకి దోపుకున్నాకే పిల్ల దగ్గరికొచ్చి అమ్మని ముద్దుపెట్టుకుంది, ఆ అక్షరాన్నీ ముద్దుపెట్టుకుంది.

దీన్ని విమర్శకులు ఎన్నో రకాలుగా రాశారు. నాకు మాత్రం ముందు కనపడేది పసిపిల్లే. పొత్తిళ్ళలో ఉన్నప్పుడు ఆ పిల్ల కళ్ళు మొదట పట్టుకున్నది అమ్మ ముఖాన్ని కాదు, ఆ జరీ మెరుపుని. అది లేని అమ్మ ఆ పిల్లకి తెలీదు. అమ్మ రోజూ పెట్టుకునే కళ్ళజోడు తీసేస్తే చంటిపిల్లలు కొత్తమనిషిని చూసినట్టు చూడరూ? పెద్దవాళ్ళకి అవమానమైనది పిల్లకి అమ్మ. ఆ తర్వాత పాస్టర్ నుదుటి మీద ముద్దుపెడితే పరిగెత్తుకెళ్ళి వాగులో కడిగేసుకుంటుంది, పగలు అందరి ముందూ మా చెయ్యి పట్టుకోవుగా అన్న కోపం అది. ఏడేళ్ళ పిల్లకి ఆ కోపం రాదంటారా?

ప్రశ్న: హెస్టర్ మళ్ళీ బోస్టన్‌కి తిరిగి రావడం చూసి నాకు ఒళ్ళు మండింది. కూతురితో హాయిగా యూరప్‌లో ఉండక, ఆ అక్షరం మళ్ళీ ఎందుకు పెట్టుకోవాలి? ఇది ఆడవాళ్ళని లొంగదీసే ముగింపు కాదా? – ఒక పాఠకురాలు, డల్లాస్ నుంచి

జవాబు: మీ కోపం నాకు అర్థమవుతుంది, మొదటిసారి చదివినప్పుడు నేనూ పుస్తకం మూసి పక్కన పెట్టేశాను. పాస్టర్ వేదిక మీద అందరి ముందూ ఒప్పుకుని చనిపోయాడు, పగ తీర్చుకోవడానికి మనిషి లేక చిల్లింగ్‌వర్త్ ఏడాది తిరక్కుండానే ఎండిపోయి పోయాడు, ఆస్తి పెర్ల్‌కి రాసిపోయాడు. తల్లీకూతుళ్ళు వెళ్ళిపోయారు. అక్కడితో అయిపోతే బాగుండుననిపిస్తుంది.

కానీ రచయిత ఒక మాట గట్టిగా చెప్తాడు, ఎంత కఠినమైన న్యాయాధికారి అయినా ఇప్పుడు ఆవిణ్ణి అది పెట్టుకోమని అడిగి ఉండేవాడు కాదు అని. తన ఇష్టంతో పెట్టుకుంది. మొదటిసారి ఊరు పెట్టింది, రెండోసారి తను పెట్టుకుంది. గుడ్డ అదే, మనిషి వేరు. ఆ తర్వాత ఆవిడ ఉండే గుడిసెకి ఎవరొచ్చారు? ప్రేమలో దెబ్బతిన్న ఆడవాళ్ళు, ఎవరికీ అక్కర్లేనివాళ్ళు, మేమెందుకింత బాధపడాలి అని అడిగేవాళ్ళు. మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ మధ్య సంబంధం కొత్త పునాది మీద నిలబడే రోజు వస్తుందని వాళ్ళకి చెప్పేది. ఆ రోజు తెచ్చే స్త్రీని నేనే అవుతాననుకునేదాన్ని ఒకప్పుడు, పాపపు మచ్చ ఉన్నదాన్ని కాబట్టి కాలేనని కూడా అనుకుంటుంది, అక్కడ మాత్రం మీ కోపం న్యాయమే, నేను సమర్థించను. 1850లో రాసిన మగవాడు అక్కడిదాకా వచ్చి ఆగిపోయాడు.

ఆవిణ్ణి పూడ్చింది డిమ్స్‌డేల్ పాత సమాధి పక్కన, కానీ మధ్యలో జాగా వదిలి, మట్టిలో కూడా కలిసే హక్కు లేదన్నట్టు. రాయి మాత్రం ఇద్దరికీ ఒక్కటే, దాని మీద నల్లటి రంగు మధ్య ఎర్రటి 'ఏ'.

పెర్ల్ ఏమైందంటారా, రచయిత సూటిగా చెప్పడు. పరాయి దేశపు ముద్రలతో ఉత్తరాలు వచ్చేవి, గుడిసెలో హెస్టర్ లాంటి మనిషి ఎప్పుడూ వాడని ఖరీదైన వస్తువులు కనపడేవి. ఒకసారి ఆవిడ చంటిపిల్ల గౌను కుడుతూ కనపడింది, ఆ ప్యూరిటన్ ఊళ్ళో ఏ బిడ్డకైనా తొడిగితే గోల పుట్టేటంత బంగారు జరీ పెట్టి.